గీతమ్మకు నాలుగు మార్కులు

నరసాపురంలో మార్గ్రీత్ అని అడిగితే ఎవరూ ఇల్లు చూపించలేరు. లేసు గీతమ్మగారంటే మాత్రం ఆటోవాడు మిగతా మాట వినకుండానే బండి తిప్పుతాడు. ఆవిడ హాలండు దేశం నుంచి లేసు అల్లిక నేర్చుకుందామని మూడు నెలల కోసం వచ్చింది. వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. అల్లిక మొదటి ఏడాదిలోనే వచ్చేసింది. మిగతా ఇరవై ఏడేళ్ళూ, ఆవిడ బయల్దేరబోతుంటే ఎవరో ఒకరు "పండగ వెళ్ళాక వెళ్దురుగాని" అనడం వల్ల గడిచిపోయాయి. మన పండగల సంగతి తెలిసిందే. ఒకటి వెళ్ళేసరికి ఇంకొకటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉంటుంది.

అటువంటి గీతమ్మకు ఒక మంగళవారం రిజిస్టర్డు ఉత్తరం వచ్చింది. తెలుగు చదవడం వచ్చుగానీ ఆ ఉత్తరంలో తెలుగు ఆవిడకు తెలిసిన తెలుగులా లేదు. పట్టుకుని పక్కింటి మంగతాయారు దగ్గరికి వెళ్ళింది. మంగతాయారు చేతిలో వంకాయ పక్కన పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని గట్టిగా చదివింది.

"పరదేశ నివాసుల సాంస్కృతిక అవగాహనా నిర్ధారణ మండలి వారి ఉత్తర్వులను పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, తమరు ఈ దేశమునందు ఇరువది సంవత్సరములకు మించి నివసించుచుండుట మండలి దృష్టికి వచ్చియున్నది. తమకు ఈ దేశము ఏ మేరకు అర్థమైనదో నిర్ధారించుటకై పరీక్ష నిర్వహింపబడును. ముప్పది అయిదు మార్కులకు తక్కువ వచ్చినచో తమకు ఈ దేశము అర్థము కాలేదని భావించి, అర్థమైన దేశమునకు పంపివేయబడుదురు."

"అర్థమైన దేశం అంటే ఏదండీ?" అంది మంగతాయారు.

"మా హాలండేనేమోనండి."

"అది మీకు అర్థమైందేటి?"

ఆరేళ్ళ క్రితం గీతమ్మ చుట్టపుచూపుగా హాలండు వెళ్ళింది. పెదనాన్న కూతురు ఎంతో ప్రేమగా కాఫీ ఇచ్చి, డబ్బా తెరిచి ఒక్కటంటే ఒక్క బిస్కట్టు తీసుకోనిచ్చి, మూత టక్కున పెట్టేసింది. ఇంకోటి తినమని ఎవరూ బలవంతం చేయలేదు. తినకపోతే మామీద ఒట్టని ఎవరూ అనలేదు. గీతమ్మ బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

"నన్ను అక్కడికి పంపేస్తే బతకలేనండి తాయారుగారూ," అంది.

"ఊరుకోండి. మీకు మనం అర్థం కాకపోవడమేంటి? మొన్న మా ఆడపడుచు వచ్చి కూర్చుంటే, నా మొహం చూసి, ఎప్పుడెళ్తుందా అని నేననుకుంటున్నట్టు మీరు కనిపెట్టలేదూ? ఆ మార్కులు మీకే వస్తాయి."

ఈ మండలి ఎలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. రాజధానిలో ఎక్కడో ఒక సదస్సు జరిగింది. అందులో ఒక పెద్దాయన మైకు ముందు నిలబడి, "విదేశీయులు మన మధ్య ఎన్నేళ్ళున్నా వారికి మనం అర్థం కాము" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అర్థం కాకపోవడం అంత గొప్ప విషయమని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. చప్పట్లు ఎక్కువయ్యాయి కాబట్టి జిల్లాకొక కమిటీ వేశారు. కమిటీకి గది దొరికింది కాబట్టి అది మండలి అయింది. మండలికి జీపు వచ్చింది కాబట్టి పని కావలసివచ్చింది.

జిల్లా మొత్తం మీద ఇరవై ఏళ్ళు దాటిన విదేశీయులు ఎంతమంది ఉన్నారని వాకబు చేస్తే గీతమ్మ ఒక్కతే తేలింది. మండలిలో పదకొండు మంది సభ్యులు.

పరీక్ష జిల్లా కేంద్రంలో పెట్టారు. నూట ఇరవై కుర్చీల హాల్లో గీతమ్మ ఒక్కతే కూర్చుంది. ఆమె ఎవరి కాగితంలోంచీ చూసి రాయకుండా ఇద్దరు కాపలా కాశారు. ఆ ఇద్దరిలో పెద్దవాడు త్రిమూర్తులు, సహాయ నిర్ధారణాధికారి. సన్నగా, తెల్ల చొక్కాలో, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టుండే మనిషి.

ప్రశ్నపత్రం చూడగానే గీతమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కటి కూడా తెలియని ప్రశ్న లేదు.

"శుభలేఖలో ముహూర్తము ఉదయం 9.12 అని, విందు 12 గంటలకు అని ఉన్నది. అతిథి ఎప్పుడు చేరుకొనవలెను?"

గీతమ్మ రాసింది: "రెండో బంతికి. మొదటి బంతికి వెళ్తే తిండి మొహాలంటారు. మూడో బంతికి సాంబారు పల్చబడుతుంది."

"మార్గమధ్యమున పెద్దలు ఎదురై ఎక్కడికని ప్రశ్నించినచో ఏమని బదులీయవలెను?"

"ఇక్కడికేనండి అనాలి. నిజంగా ఎక్కడికో చెప్పకూడదు. వాళ్ళు కూడా తెలుసుకుందామని అడగరు."

"బస్సునందు ఆసనము పొందు విధానమెట్టిది?"

"కిటికీలోంచి చేతిరుమాలు వేయాలి. రుమాలు లేకపోతే చిన్నపిల్లాణ్ణి ఎక్కించవచ్చు. మన పిల్లాడే అయి ఉండనక్కరలేదు."

చివరిది పాతిక మార్కుల ప్రశ్న. "ఈ సంస్కృతికి మూలస్తంభములు మూడింటిని పేర్కొని వివరింపుము."

గీతమ్మ కలం కొరుక్కుని, కాసేపు కిటికీలోంచి చూసి, ఇలా రాసింది: "ఒకటి, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో. రెండు, చుట్టాలు ఏమనుకుంటారో. మూడు, పెద్దవాళ్ళు వింటే ఏమనుకుంటారో." ఒక్కొక్కదానికీ నాలుగు ఉదాహరణలిచ్చి, అడిషనల్ షీటు కూడా తీసుకుంది.

నూటికి నాలుగు మార్కులొచ్చాయి. ఆ నాలుగూ దస్తూరికి.

గీతమ్మ, ఆవిడకు తోడుగా మంగతాయారు, ఇద్దరూ బస్సెక్కి మండలి ఆఫీసుకు వెళ్ళారు. త్రిమూర్తులు వాళ్ళను ఛైర్మన్‌గారి గదిలోకి తీసుకెళ్ళాడు. ఛైర్మన్‌గారు పెద్ద బల్ల వెనక, తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మేడమ్, తమ జవాబుపత్రాన్ని మండలి సానుభూతితో పరిశీలించింది," అన్నారాయన. "తమరు చేసిన పొరపాటు ఏమనగా, తమరు ఆచరణ రాశారు. మేము అడిగినది సంస్కృతి."

"రెండూ వేరువేరాండీ?" అంది గీతమ్మ.

ఛైర్మన్‌గారు త్రిమూర్తులు వైపు చూసి జాలిగా నవ్వారు. "చూశావటయ్యా? ఇరవై ఎనిమిదేళ్ళు!"

అసలు జవాబులున్న పుస్తకాన్ని బల్ల మీద పెట్టారు. ముహూర్తానికి అరగంట ముందు చేరవలెను. పెద్దలకు గమ్యస్థానమును సవినయముగా తెలుపవలెను. బస్సునందు వరుసక్రమము పాటింపవలెను. మూలస్తంభములు: సత్యము, ధర్మము, శాంతి.

మంగతాయారు ఆ పుస్తకం అటూ ఇటూ తిరగేసి, "ఇది ఏ ఊళ్ళోదండీ?" అని అడిగింది.

"ఇది మనదేనమ్మా. మన సంస్కృతి."

"అలాగాండీ. ఎప్పుడూ చూళ్ళేదు. అయితే నాకూ పెట్టండి ఈ పరీక్ష. నేను పుట్టింది పాలకొల్లు, మెట్టింది నరసాపురం. నాకంటే ఆవిడకి తక్కువొస్తే అప్పుడు పంపేద్దురుగాని."

స్థానిక ప్రమాణమొకటి ఉండుట సమంజసమేనని మండలి తీర్మానించింది. మంగతాయారుకు పరీక్ష పెట్టారు. మూలస్తంభాలు మూడూ అడిగితే ఆవిడ మా అత్తగారు, మా మరిది, గ్యాసు సిలిండరు అని రాసింది. మూడు మార్కులొచ్చాయి. దస్తూరి కొంచెం గొలుసుకట్టు.

రూలు రూలే. ముప్పై రోజుల్లో స్వస్థలానికి పొమ్మని ఆమెకూ ఉత్తర్వు వచ్చింది. మంగతాయారు ఆ కాగితం భర్తకు చూపించి, "గవర్నమెంటు ఆర్డరండీ, నా చేతుల్లో ఏం లేదు," అని పెట్టె సర్దుకుని పాలకొల్లులో పుట్టింటికి వెళ్ళిపోయింది. ముప్పై రోజుల్లో పొమ్మంటే ఆ సాయంత్రమే ఎందుకని భర్త అడిగాడు. పుట్టిల్లు పది కిలోమీటర్లే కదా, ఆలస్యం దేనికంది. నాలుగో రోజుకు ఆయన వండుకున్న అన్నం చూసి గీతమ్మే రెండుపూటలా క్యారేజీ పంపడం మొదలుపెట్టింది.

ఈ సంగతి బయటికి పొక్కింది. వీధిలో మరో పద్నాలుగు మంది ఆడవాళ్ళు తమకూ ఆ పరీక్ష పెట్టమని అర్జీలు పెట్టుకున్నారు.

అంతలో పైనుంచి ఒక అభ్యంతరం వచ్చి పడింది. అవగాహనను నిర్ధారించువారికి అవగాహన కలదని నిర్ధారించినవారెవరు? చేసేదేమీ లేక పదకొండుమంది సభ్యులూ అదే హాల్లో కూర్చుని పరీక్ష రాశారు. ఛైర్మన్‌గారికి తొమ్మిది వచ్చాయి. అవీ పక్కాయన కాగితంలోంచి చూసి రాసినవి. పక్కాయనకు ఏడు.

పాసైనవాడు ఒక్కడే తేలాడు. వాడు ఎక్కడో న్యూజిలాండు కుర్రవాడు. రెండు వారాల యాత్రకు వచ్చి, రైలు ఆలస్యమై, ఊసుపోక మండలివారి పుస్తకం కొనుక్కుని కంఠతా పట్టి, సరదాకి పరీక్ష కూడా రాశాడు. తొంభయ్యారు మార్కులొచ్చాయి. ఈ దేశము సంపూర్ణముగా అర్థమైన వ్యక్తిగా వాడికి శాలువా కప్పారు. ఆ తర్వాత భోజనానికి "రెండో బంతికి రండి" అంటే బంతి ఎక్కడుందని వెతుక్కుని, భోజనం దొరక్క, అరటిపళ్ళు కొనుక్కుని సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. స్థానికులకు సంస్కృతి పుట్టుకతో వచ్చియుండును గనుక వారికి అర్థము కానక్కరలేదు, విదేశీయులకు మాత్రము అర్థము కావలెను అని తేల్చింది. అర్జీలన్నీ కొట్టేసింది. మంగతాయారు మొహం ముడుచుకుని పాలకొల్లు నుంచి తిరిగొచ్చింది. గీతమ్మ ఉత్తర్వు ఒక్కటే మిగిలింది.

దాన్ని త్రిమూర్తులు స్వయంగా తీసుకెళ్ళి, చేతికిచ్చి, సంతకం తీసుకోవాలి. అందుకు నెల గడువు.

మొదటిసారి వచ్చినప్పుడు ఉదయం తొమ్మిదయింది. గీతమ్మ వాకిట్లో దండెం మీద లేసు తెరలు ఆరవేస్తోంది. అతని పల్చటి తెల్లచొక్కా జేబులోంచి ఊదారంగు గుండ్రటి ముద్ర కనిపిస్తూనే ఉంది. అదేమిటో ఆవిడకు తెలిసిపోయింది. అయినా నోటికొచ్చింది వేరే.

"రండి రండి, ఎండనపడి వచ్చారు. ముందు మంచినీళ్ళు పుచ్చుకోండి."

"ఆయ్, ఏం లేదండీ, ఇటుగా వెళ్తూ..." అన్నాడు త్రిమూర్తులు. జిల్లా కేంద్రం నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాడు ఇంకెటు వెళ్తాడో ఆవిడ అడగలేదు.

"టిఫిను చేశారా?"

"అయిందండీ."

అయిందని అతను అన్న తీరు చూసి గీతమ్మ పెసరట్టు వేసింది. ఒకటి తిన్నాక ఇంకోటి వేసింది. అల్లప్పచ్చడి బాగుందన్నాడు కాబట్టి మూడోది తప్పలేదు. పెసరట్టు తింటున్నవాడు పెట్టినావిణ్ణి ఊరొదిలి పొమ్మని ఎలా చెప్తాడు? తిన్నాక చెప్పడం మరీ బాగుండదు. వాళ్ళావిడకు మోకాళ్ళ నొప్పులని మాటల్లో తెలిసి, గీతమ్మ ఒక స్టీలు డబ్బా నిండా మినపసున్నుండలు సర్ది ఇచ్చింది. ఆఫీసుకు వెళ్ళి అతను రిజిస్టరులో "అభ్యర్థిని గృహమునందు లేరు" అని రాశాడు.

రెండోసారి రాక తప్పలేదు. ఉత్తర్వు కంటే డబ్బా ముఖ్యమైపోయింది. ఒకళ్ళింటి డబ్బా ఇంట్లో ఉంచుకోవడం ఏం మర్యాద? అలాగని ఖాళీగా ఇస్తారా? వాళ్ళావిడ దాని నిండా చేగోడీలు పోసి పంపింది. అవి ఖాళీ చేసి, కడిగి, గీతమ్మ వట్టి డబ్బా అతని చేతిలో పెడుతుందా? కాజాలు పెట్టింది.

"అభ్యర్థిని గృహమునందు లేరు."

మూడోసారి కాజాల డబ్బాలో జంతికలొచ్చాయి. నాలుగోసారి జంతికల డబ్బాలో అరిసెలు వెళ్ళాయి. ప్రతిసారీ అతను అరుగు మీద కూర్చుని జేబు తడుముకునేవాడు. "మరేనండీ గీతమ్మగారూ, అసలు విషయమేంటంటే..." అనేవాడు. ఆవిడ "చెప్పండి," అనేది. "గోదారికి నీళ్ళు బాగా వచ్చినట్టున్నాయండి," అనేవాడు. "వచ్చాయండి," అనేది. ఇద్దరూ తేలికపడేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం మంగతాయారు గోడ మీంచి తొంగిచూసింది.

"ఏవండీ, ఆ త్రిమూర్తులుగారి భార్యతో మాట్లాడాను. జంతికల్లో వాము ఎంత వేస్తారో అడుగుదామని ఫోను చేశాన్లెండి. పాపం ఆయనకి మెమో ఇచ్చారట. ఎల్లుండితో నెల అయిపోతుందట. మీ చేత సంతకం పెట్టించుకు రాకపోతే ఆయన్ని ఎక్కడో ఒడిశా సరిహద్దులో వేస్తారట. ఆవిడకి చూస్తే మోకాళ్ళు."

"అయ్యో," అంది గీతమ్మ.

"అయ్యో ఏంటి, మంచిదే కదా! ఎల్లుండి దాటితే కాగితం మురిగిపోతుంది. మీరు హాయిగా ఉండొచ్చు. ఎల్లుండి తలుపేసుకుని మా ఇంట్లో కూర్చోండి."

అంతకంటే తెలివైన సలహా లేదు. గీతమ్మ సరేనంది. కానీ గడువు రోజు పొద్దున్నే లేచి పెసరపప్పు నానబోసింది.

త్రిమూర్తులు పదింటికి వచ్చాడు. చేతిలో డబ్బా ఉంది. మంగతాయారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. అతను పెసరట్టు ముట్టుకోలేదు. నెలలో మొదటిసారి నిజంగానే వద్దన్నాడు. గీతమ్మకు ఆ తేడా వెంటనే తెలిసింది.

"త్రిమూర్తులుగారూ, ఆ కాగితం ఇలా ఇవ్వండి," అంది.

"ఏ కాగితమండీ?"

"జేబులోదండి. చెమటకి తడుస్తోంది."

"అబ్బే, అది... అది కరెంటు బిల్లండీ."

"ఇవ్వండి. మీరు చెప్పలేరు, నేను అడగలేను, ఇలా ఎన్నాళ్ళండి?"

"మీరు లేరని రాసేస్తానండీ గీతమ్మగారూ. నాలుగుసార్లు రాశాను, ఇంకోసారి రాయలేనా?"

"ఎదురుగా కూర్చోబెట్టుకుని లేనని ఎలా రాస్తారు? నేను లేకపోతే పెసరట్టు ఎవరేశారు?"

ఆవిడే కాగితం తీసుకుంది. కలం కూడా అతని జేబులోదే. కింద గీత మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో మార్గ్రీత్ అని రాసి, అది మాత్రమే రాస్తే అతనికి అర్థం కాదేమోనని పక్కన గీతమ్మ అని కూడా రాసింది.

"ఎంత పని చేశారండీ బాబూ!" అని మంగతాయారు నెత్తి కొట్టుకుంది. "చేజేతులా! ఏం పుట్టిందండీ మీకు?"

గీతమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఏం చేయనండి? ఆయన అయిదుసార్లు వచ్చారు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని అన్నిసార్లు ఉత్త చేతుల్తో పంపితే ఏం బాగుంటుంది?"

త్రిమూర్తులు బస్సులో కూర్చుని చాలాసేపు ఆ సంతకం వంకే చూశాడు. కాగితం అడుగున "అందజేసినవారి వ్యాఖ్యలు" అని ఒక గడి ఉంది. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆ గడిలో అతను ఎన్నడూ ఏమీ రాయలేదు. ఎవరూ రాయరు. అతను కలం తీసి, బస్సు కుదుపుల మధ్య, రాయడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఛైర్మన్‌గారు ఆ వ్యాఖ్యను సభ్యుల ముందు పైకి చదివారు.

"సదరు అభ్యర్థినికి ఉత్తర్వు అందజేయుటకు నాకు నోరు రానందున, నా ఇబ్బందిని గమనించి, తనకు దేశబహిష్కారము సంభవించునని తెలిసియుండియు, కేవలము మొహమాటమునకు సంతకము చేసియున్నారు. ఇంతకు మించిన అవగాహన నా సర్వీసులో చూడలేదని మనవి."

పదకొండుమందీ తలలు దించుకున్నారు. ఒకాయన ఇష్టంలేని వియ్యంకుణ్ణి గుర్తు చేసుకున్నాడు. ఇంకొకాయనకు, రమ్మని అన్నది తానే కాబట్టి పొమ్మనలేక పదేళ్ళుగా ఇంట్లో ఉంచుకున్న బావమరిది గుర్తొచ్చాడు. ఛైర్మన్‌గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. అసలీ మండలి ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. పెద్దవాళ్ళు పిలిచి అడిగారని, కాదంటే బాగుండదని, ఒప్పుకున్నారు.

"మండలి ఈ కేసును పునఃపరిశీలించినది," అన్నారాయన గొంతు సవరించుకుని. "మొహమాటము శీర్షిక కింద అభ్యర్థినికి ముప్పది ఒక్క మార్కులు అదనముగా మంజూరు చేయడమైనది." నాలుగుకు ముప్పై ఒకటి కలిపితే ముప్పై అయిదు. అంతకంటే ఎక్కువ వేస్తే, తమకొచ్చినవాటి పక్కన బాగుండదని ఆగారు.

అవగాహన పత్రం పట్టుకుని త్రిమూర్తులే నరసాపురం వచ్చాడు. ఈసారి భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. గీతమ్మ ఆ కాగితాన్ని రెండు కళ్ళకూ అద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. మంగతాయారు, త్రిమూర్తులు భార్య వాము సంగతి మాట్లాడుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, అందరికీ కాఫీలు పట్టుకొచ్చారు. కాఫీ అయ్యాక త్రిమూర్తులు ఇబ్బందిగా కదిలాడు. జేబులోంచి ఇంకో కాగితం పైకి వచ్చింది.

"మరేంలేదండీ గీతమ్మగారూ. మా సభ్యులు పదకొండుమందీ తప్పారు కదండీ. జిల్లాలో అవగాహన పత్రమున్నది మీకొక్కరికే. అందుకని, ఆ పదకొండుమందికీ మన సంస్కృతి గురించి తమరు వారానికి మూడు క్లాసులు చెప్పాలని ఛైర్మన్‌గారు కోరుతున్నారండి. రెండేళ్ళపాటు. జీపు పంపుతామన్నారు."

గీతమ్మకు తన దగ్గర అల్లే పదహారుమంది ఆడవాళ్ళతో లేసు పని, ఆరవేయాల్సిన తెరలు, నానబోసిన మినపప్పు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ససేమిరా చేయలేదు. చేయదు. త్రిమూర్తులు మొహం చూసింది. అతను ఆవిడ మొహం చూశాడు.

"దానికేం భాగ్యమండీ," అంది గీతమ్మ తియ్యగా. "చూద్దాం లెండి."

త్రిమూర్తులు ప్రాణం కుదుటపడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గోదారికి నీళ్ళు తగ్గినట్టున్నాయన్నాడు. గీతమ్మ తగ్గాయంది. "చూద్దాం లెండి"కి అర్థమేమిటో అక్కడున్న నలుగురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.